లాకు దాటించిన చాకు

వంటగది ఉన్న చోటికి సెలవులకు వెళ్ళడం ఎంత తెలివితక్కువ పనో మీకు వేరే చెప్పాలా? అందుకే మా పెద్దాడపడుచు కొడుకు ఫోన్ చేసి, "అత్తయ్యా, మీరూ మావయ్యా అమ్మావాళ్ళతో కలిసి రండి. వారం రోజులు కాలవ మీద పడవలో తిరుగుదురుగాని. పడవలోనే వంటగది కూడా ఉంటుంది" అని సంబరంగా చెప్పినప్పుడు నాకు సంబరం కలగలేదు. వంటగది లేని పడవ ఏదైనా ఉంటే చూడరాదూ అన్నాను. వాడు నవ్వేశాడు. మావారికి, మా అన్నయ్యగారికి (అంటే ఆడపడుచు భర్తకు) మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పడవ మనమే నడుపుకోవచ్చట, లైసెన్సు కూడా అక్కర్లేదట!

అలా 2023 జూన్‌లో ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న కెనాల్ ద్యు మిది అనే కాలవ మీద వారం రోజులు గడిపాం. ఈ కాలవ తులూజ్ నగరం దగ్గర మొదలై 240 కిలోమీటర్లు పారి, సెత్ అనే రేవుకు దగ్గరలో మధ్యధరా సముద్రపు ఉప్పుటేరులో కలుస్తుంది. మూడు వందల యాభై ఏళ్ళ కిందటిది. 1996లో యునెస్కో వాళ్ళు ప్రపంచ వారసత్వ సంపద జాబితాలో చేర్చారు. ఒకప్పుడు గోధుమలు, ద్రాక్షసారా పీపాలు మోసిన కాలవ. ఇప్పుడు సరుకు రవాణా పోయి, మనలాంటి షికారు పడవలే మిగిలాయి.

పడవంటే మన నాటుపడవ అనుకునేరు. పొడుగాటి రైలుపెట్టె లాంటిది. రెండు పడకగదులు, బొమ్మ బాత్రూము, మధ్యలో బల్లా బెంచీలూ, ఓ మూల గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, సింకు. పైన స్టీరింగు చక్రం. గంటకు ఎనిమిది కిలోమీటర్లు మించి పోకూడదని నియమం. మా పక్కన గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్ళే ముసలాయన ప్రతిరోజూ మమ్మల్ని దాటేసి, చెయ్యి ఊపి మరీ పోయేవాడు.

ఇప్పుడు చెప్పబోయే విషయం మాత్రం జాగ్రత్తగా వినండి. పడవ అప్పగించేటప్పుడు అద్దెకిచ్చే వాళ్ళ మనిషి ఓ అరగంట నిలబడి అన్నీ చూపిస్తాడు. ఇంజను ఎలా స్టార్టు చెయ్యాలి, నీళ్ళ ట్యాంకు ఎక్కడ నింపుకోవాలి, తాడు ఎలా పట్టుకోవాలి, ఇలాంటివన్నీ. ఆ అరగంటలో నేనూ మా వదినగారూ ఏం చేశామంటారు? మీరు ఊహించిందే! బియ్యం ఎక్కడ పెట్టాలి, కందిపప్పు ఏ డబ్బాలో పొయ్యాలి, నలుగురికీ దుప్పట్లు ఉన్నాయా లేవా అని చూసుకుంటూ లోపలే ఉండిపోయాం. పైన మగవాళ్ళిద్దరూ తలలూపుతూ విన్నారు. ఎంత విన్నారో మర్నాడు తెలిసింది.

అది తెలియాలంటే ముందు లాకు సంగతి చెప్పాలి. గోదావరి జిల్లాల వాళ్ళకు, కృష్ణా కాలవల పక్కన పుట్టిన వాళ్ళకు ఈ మాట కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్విన కాలవల మీద పడవలు తిరిగేవి కాబట్టి అక్కడ లాకులు కట్టారు. ఇప్పటికీ ఎన్నో ఊళ్ళలో ఆ చోటును 'లాకుల దగ్గర' అనే పిలుస్తారు. మిగతా వాళ్ళ కోసం చెబుతాను. పల్లంలోకి పారే కాలవలో పడవ జారిపోకుండా మెట్టు దిగాలంటే ఎలా? అటూ ఇటూ తలుపులున్న పెద్ద రాతి తొట్టి కడతారు. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసేసి, ముందు తలుపుల కింద ఉన్న తూములు తెరుస్తారు. నీళ్ళు పోతున్న కొద్దీ పడవ మెల్లగా కిందికి దిగుతుంది. అవతలి కాలవ మట్టానికి రాగానే తలుపులు తెరుచుకుంటాయి. ఎక్కాలంటే ఇదే పని తిరగేసి. కెనాల్ ద్యు మిది లాకులు మాత్రం మనవాటిలా చదరంగా ఉండవు, కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. మొదట్లో నిటారు గోడలతో కట్టిన లాకు ఒకటి మట్టి ఒత్తిడికి కూలిపోయిందట. గోడలు వంపుగా కడితే మట్టి తోపుడుకు తట్టుకుంటాయని అప్పటినుంచి ఇలా కట్టారు.

మేం ఓంప్స్ అనే ఊరి రేవులో పడవ ఎక్కాం. మర్నాడు పొద్దున్న రొట్టెలూ కూరగాయలూ కొనుక్కుని తాపీగా బయల్దేరాం. మొదటి లాకు దగ్గరికి చేరేసరికి పన్నెండున్నర దాటింది. లాకు మూసి ఉంది. ఏమైందో అని కంగారు పడ్డాం. ఏమీ కాలేదు, భోజనాల వేళ! పన్నెండున్నర నుంచి ఒంటిగంటన్నర దాకా లాకు కాపలావాళ్ళు అన్నం తింటారు. ఎంత ఖరీదైన పడవ వచ్చి నిలబడ్డా తలుపు తెరవరు. మాకంటే ముందు మూడు పడవలు ఆగి ఉన్నాయి, ఒక్కరూ విసుక్కోలేదు. నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. కంచం ముందు కూర్చుని మొదటి ముద్ద కలిపేసరికి "నా కళ్ళజోడు చూశావా?" అని వినపడని రోజు మీ ఇంట్లో ఏమైనా ఉందా? మా ఇంట్లో లేదు.

ఆ గంటలో వంట చేసేద్దామని కిందికి దిగాను. అక్కడే పొరపాటు చేశాను. పప్పు పొయ్యి మీద ఉంది, వంకాయలు తరుగుతున్నాను. ఇంతలో ఒంటిగంటన్నర అయింది, లాకు తెరిచారు, పడవ లోపలికి వెళ్ళింది. అన్నయ్యగారు స్టీరింగు దగ్గర. మావారు తాడు పట్టుకుని గట్టు మీదికి గెంతి, అక్కడున్న ఇనప గుంజకు తాడు చుట్టి, ఇంట్లో పాత పెట్టెలకు వేసే పీటముడి ఒకటి బిగించారు. ఇక కదలదు అని చేతులు దులుపుకున్నారు కూడా.

నీళ్ళు దిగడం మొదలైంది. పడవ దిగలేదు. తాడు ఉన్న వైపు వేలాడిపోయింది! లోపల నాకు ముందు గ్లాసులు జారాయి, తరువాత వంకాయ ముక్కల పళ్ళెం, ఆ తరువాత పప్పు గిన్నె. పైన వదినగారు "తమ్ముడూ, తాడూ, తాడూ!" అని కేకలు. చేతిలో చాకుతోనే పైకి పరిగెత్తాను. మావారు ముడి విప్పాలని గోళ్ళు విరగ్గొట్టుకుంటున్నారు. అంత బరువు లాగుతుంటే ముడి ఎక్కడ విడుతుంది? లాకు కాపలామనిషి ఆవిడే, యాభై ఏళ్ళుంటాయి, ఒక్క పరుగున వెళ్ళి తూములు మూసేసింది. నేను ముఖం పక్కకు తిప్పుకుని తాడు మీద చాకు పెట్టి రెండు కోతలు కోశాను. టప్పున తెగింది. పడవ ధబీమని నీళ్ళలో పడి, ఊగి ఊగి నిలబడింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. అది మా అదృష్టం. అలా బిగిసిన తాడు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుందని, ముందు చెయ్యాల్సింది తూములు మూయమని కేకెయ్యడమేననీ మా మేనల్లుడు తరువాత చీవాట్లు పెట్టాడు. కాబట్టి నన్ను చూసి మీరు చాకు తియ్యకండి. లాకులో తాడును ఎప్పుడూ ముడి వెయ్యకూడదు. పడవ కొక్కానికి కట్టిన తాడు గుంజ చుట్టూ ఒక్కసారి తిప్పి, రెండో కొస మన చేతిలో ఉంచుకోవాలి. దిగేటప్పుడు కొద్దికొద్దిగా వదలాలి, ఎక్కేటప్పుడు లాక్కోవాలి. నూతిలో చేద దించడం చూశారుగా, అంతే! పడవకూ గోడకూ మధ్య చెయ్యి గానీ కాలు గానీ ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు. పిల్లలుంటే లైఫ్ జాకెట్ వెయ్యందే పైకి రానివ్వకండి.

అది రెండు తొట్ల లాకు. ఇంకో తొట్టి దిగాలి. ఆ కాపలావిడ మావారి వైపు చూడనే లేదు. నన్ను పిలిచి, మిగిలిన తాడు నా చేతికిచ్చి, ఎలా పట్టుకోవాలో చేసి చూపించింది. ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకు రాదు. ఏం ఇబ్బంది కాలేదు. ఆ రోజు నుంచి తాడు నాది, స్టీరింగు వదినగారిది. మగవాళ్ళు అలిగారా అంటారా? కొంచెం. నేల మీద పడ్డ పప్పంతా తుడిచే పని ఉండటంతో ఎక్కువసేపు అలగడానికి వీలు చిక్కలేదు.

ఇంకో రెండు చోట్ల లాకులు దాటి, ఆర్జాన్స్ దిగువకు వచ్చాక యాభై నాలుగు కిలోమీటర్ల దాకా ఒక్క లాకు కూడా లేదు. కాలవ కొండల అంచు పట్టుకుని మెలికలు తిరుగుతూ ఒకే మట్టంలో సాగుతుంది. కొత్తగా నడిపేవాళ్ళు ఈ భాగం ఎంచుకుంటే హాయి. రెండు పక్కలా ద్రాక్షతోటలు, అల్లంత దూరాన చర్చి గోపురం, గంట తరువాత చూసినా అదే గోపురం, కాకపోతే రెండో పక్కన! మా వదినగారికి అరవై రెండేళ్ళు. సైకిలు కూడా తొక్కి ఎరగరు. చక్రం ఎటు తిప్పితే పడవ కాసేపాగి గానీ అటు తిరగదనీ, అందుకని తొందరపడి ఎక్కువ తిప్పకూడదనీ ఒక్క పూటలో పట్టేశారు. "కోడలికి పని చెప్పినట్టేనే, ఒకసారి చెప్పి ఊరుకోవాలి" అన్నారు. (మా వదినగారి కోడలు ఈ పత్రిక చదవదు లెండి.)

1787లో అమెరికా నాయకుడు థామస్ జెఫర్సన్ ఈ కాలవ మీద ప్రయాణం చేశాడు. తన బండిని చక్రాలు తీయించి పడవ మీద పెట్టించుకుని అందులో కూర్చుని, ఇష్టమైనప్పుడు గట్టు దిగి నడుస్తూ వెళ్ళాడట. గట్టు పొడుగునా నైటింగేల్ పిట్టలు పాడుతున్నాయని పారిస్‌లో చదువుకుంటున్న కూతురికి పడవలోంచే ఉత్తరం రాశాడు.

మేం పిట్టల పాటలు విన్నాం కానీ నీడ మాత్రం చాలాచోట్ల లేదు. బొమ్మల్లో ఈ కాలవను చూస్తే రెండు వైపులా పందిరి వేసినట్టు పెద్ద పెద్ద చెట్లు కనిపిస్తాయి. ప్లేన్ చెట్లంటారు, మన కాశ్మీరు చినారుకు దగ్గర చుట్టాలు. పందొమ్మిదో శతాబ్దంలో నాటినవి, నలభై రెండు వేల దాకా ఉండేవి. వాటికి ఓ బూజు తెగులు పట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తెచ్చిన మందుగుండు పెట్టెల చెక్కతో ఐరోపాకు వచ్చిందంటారు. ఈ కాలవ మీద 2006లో కనిపించింది. మందు లేదు. పట్టిన చెట్టునూ పక్కవాటినీ కొట్టి కాల్చడం ఒక్కటే దారి. అలా వేలకు వేలు కొట్టేశారు. వేరే రకాల మొక్కలు నాటుతున్నారు కానీ అవి ఎదిగి నీడనిచ్చేసరికి ఎన్నేళ్ళో. తెగులు గాయాల ద్వారా పాకుతుంది కాబట్టి పడవను చెట్టుకు కట్టకూడదు. రాత్రిళ్ళు పడవ నడపనివ్వరు. సాయంత్రం కాగానే గట్టున మేకులు దిగ్గొట్టి వాటికే కట్టుకోవాలి. టోపీలు మాత్రం మరిచిపోకండి.

ఈ కాలవ తవ్వించినాయన పేరు పియెర్ పాల్ రికే. బేజియే పట్నం వాడు, ఉప్పు పన్ను వసూలు చేసే కాంట్రాక్టరు. కాలవ తవ్వాలని ఎంతమంది రాజులు కలలు కన్నా, గట్టు మీదికి నీళ్ళెక్కడివి అన్న దగ్గర ఆగిపోయేవారు. రికే కొండల్లోని వాగులన్నిటినీ చిన్న చిన్న కాలవలతో మళ్ళించి, సాన్ ఫెరియోల్ దగ్గర పెద్ద చెరువు కట్టి, అక్కడినుంచి నీళ్ళను అన్నిటికంటే మెరక చోటికి తెచ్చాడు. అక్కడినుంచి సగం అట్లాంటిక్ వైపు, సగం మధ్యధరా వైపు పారతాయి. 1666లో పద్నాలుగో లూయీ రాజు అనుమతిచ్చాడు. డబ్బు చాలక రికే సొంత ఆస్తి కరగేశాడు. ఆడపిల్లల కట్నాల కోసం దాచింది కూడా కాలవలో పోశాడని చెప్పుకుంటారు. 1680లో ఆయన పోయాడు, 1681లో కాలవ తెరిచారు. ఆయన చేసిన అప్పులు తీరడానికి పిల్లలకు నలభై ఏళ్ళ పైన పట్టింది. ఊరూరా ఆయన విగ్రహాలున్నాయి, బాగానే ఉంది. కట్నం డబ్బులు పోయిన ఆ ఆడపిల్లలు ఏమనుకున్నారో తెలుసుకోవాలని నాకు మహా కోరికగా ఉంది.

నన్ను ఇంకా పట్టి ఉంచింది మరో లెక్క. పని జోరుగా సాగిన రోజుల్లో పన్నెండు వేల మంది దాకా తవ్వారు. వాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. వానపడి పని ఆగినా, ఆదివారాలకూ పండగలకూ కూడా రికే జీతం ఇచ్చేవాడట. ఆ రోజుల్లో అది వింతే, మెచ్చుకోవాలి. కానీ కూలీలను 'తలలు'గా లెక్కేసేవారు. ఒక మగవాడు ఒక తల. ముగ్గురు ఆడవాళ్ళు కలిస్తే రెండు తలలు! బుట్టెడు మట్టి ఎవరు మోసినా బుట్టెడే కదా?

ఆ ఆడవాళ్ళు ఊరికే మట్టి మోసిన వాళ్ళు కూడా కాదని చంద్రా ముఖర్జీ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 2009లో ఓ పుస్తకం రాశారు. పిరనీస్ కొండ పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళకు తరాల తరబడి కొండ నీళ్ళను వాలు చూసి మళ్ళించి, ఊళ్ళోకీ చేలకూ తెచ్చుకునే విద్య తెలుసట. పటాలు గీసే ఇంజనీర్లకు చేతకాని చోట ఆ ఎరుకే పనికొచ్చిందంటారావిడ.

తిండి మాట చెప్పకపోతే ఈ పేజీ చదివే మీరు ఊరుకోరు. ఐరోపా దేశాల్లోకి బయటినుంచి నెయ్యి, పెరుగు, కోవా లాంటి పాల పదార్థాలు తీసుకెళ్ళనివ్వరు. పచ్చి కరివేపాకు, పచ్చిమిరపకాయలు కూడా కుదరవు. మేనల్లుడు ముందే చెప్పడంతో ఆవకాయ, కందిపొడి, చారుపొడి మాత్రం పట్టుకెళ్ళాం. అక్కడ ఉప్పు లేని వెన్న దివ్యంగా దొరుకుతుంది. వదినగారు ఓ సాయంత్రం అది కాచారు. ఆ వాసనకు పక్క పడవలోని జర్మనీ దంపతులు లేచి వచ్చి, ఏం కేకు చేస్తున్నారని అడిగారు! వేడివేడి అన్నంలో కందిపొడీ ఆ నెయ్యీ కలిపి పెట్టాం. పొద్దున్నే ఊళ్ళోకి నడిచి కాల్చిన రొట్టె తెచ్చుకోవడం, సంత రోజున టమాటాలు, నేరేడు రంగు వంకాయలు, చెర్రీలు కొనుక్కోవడం చాలా బావుంటుంది. అయితే మధ్యాహ్నం దుకాణాలన్నీ మూసేస్తారు, ఉదయమే వెళ్ళాలి. పడవ ట్యాంకులో నీళ్ళు కొద్దిగానే ఉంటాయి కాబట్టి గిన్నెలు తక్కువ పడే వంటలే మేలు. ఉప్మా, పులిహోర, ఒకే గిన్నెలో కూరగాయల కిచిడీ. మూడో రోజు నుంచి గిన్నెలు తోమేది మగవాళ్ళే కావడంతో, "ఇవాళ ఒక్క కూర చాలులెద్దూ" అని వాళ్ళే అనడం మొదలుపెట్టారు.

చివర్లో మాల్పాస్ అనే చోట కాలవ కొండ కిందనుంచి పోతుంది. నూట అరవై మీటర్ల పైచిలుకు సొరంగం, 1679లో తవ్వింది. మట్టి కూలిపోతుంది, ఆపమని అధికారులంటే రికే గుట్టుగా తవ్వించేశాడని కథ. లోపల చల్లగా, చీకటిగా, నీటి చప్పుడు తప్ప ఏమీ వినపడదు. వదినగారు హారను కొట్టి, లైటు వేసి, గోడ తగలకుండా బయటికి తెచ్చారు. కొలొంబియే ఊళ్ళో పడవ కట్టేసి, బేజియే దగ్గర ఫోన్సెరాన్ లాకులు చూడ్డానికి వెళ్ళాం. కొండ మీదినుంచి మెట్లలా వరసగా కట్టిన ఎనిమిది తొట్లు, ఇరవై ఒక్క మీటర్లకు పైగా ఎత్తు. ఓ పడవ కిందినుంచి ఒక్కో మెట్టే ఎక్కి వస్తుంటే జనం గట్టు మీద నిలబడి చప్పట్లు కొడుతున్నారు. దీన్ని కట్టే పని చదువురాని ఇద్దరు అన్నదమ్ములకు అప్పగించారనీ, తవ్వింది ఎక్కువగా ఆడవాళ్ళేననీ చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. రాళ్ళు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఆ రాయి మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాం, నేనూ వదినగారూ.

మీరు వెళ్ళదలిస్తే మే, జూన్, సెప్టెంబరు నెలలు మంచివి. జూలై, ఆగస్టుల్లో ఎండా రద్దీ రెండూ ఎక్కువ. చలికాలంలో మరమ్మతులకు కాలవ మూసేస్తారు. షెంజెన్ వీసా కావాలి, దానికి చాలా ముందే దరఖాస్తు పెట్టుకోండి. మెత్తటి సంచుల్లోనే బట్టలు సర్దుకోండి, పడవలో గట్టి సూట్‌కేసులకు చోటుండదు. తాడు పట్టుకోవడానికి తోటపని చేతితొడుగులు ఓ జత వేసుకోండి, నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ మొదటి అరగంట మాత్రం బియ్యం మూట ఎక్కడుంటే అక్కడ వదిలేసి పైకి రండి.

తిరుగు ప్రయాణంలో అదే రెండు తొట్ల లాకు దగ్గరికి వచ్చేసరికి పన్నెండు దాటింది. అదే కాపలావిడ. తాడు నా చేతిలో, చక్రం వదినగారి చేతిలో చూసి గుర్తుపట్టింది. చాకేదీ అన్నట్టు గాల్లో చేత్తో కోసి చూపించింది. నేను కిందికి వేలు చూపించాను. మావారు వంటగది కిటికీలోంచి చాకు పైకెత్తి ఆడించారు. ఉల్లిపాయలు తరుగుతున్నారేమో, కళ్ళనిండా నీళ్ళు.